ఇటలీదేశపు ఇంటి తీపివంటలు

తిరమిసు అను నొక ఇటలీ తీపివంటకము పేరు నేడు మన పట్టణములందలి స్త్రీలకు క్రొత్త కాదు. పెద్ద హోటళ్ళలోను, కేకులమ్ము అంగళ్ళలోను దానిని చిన్న గాజుగిన్నెలలో నింపి, పైని కోకోపొడి చల్లి, మిక్కిలి వెలకు అమ్ముచున్నారు. చూచిన గృహిణి, ఇది మనచేత నగు పని కాదనియు, ఇందుకు యంత్రములును చేయి తిరిగిన వంటవాండ్రును కావలెననియు తలంచి ఊరకుండును. కాని ఆ పేరున కర్థము విచారించినచో ఈ భయము సగము తీరును. తిరమిసు అనగా "నన్ను పైకి లేవనెత్తుము" అని యర్థము. నీరసించిన దేహమునకు సత్తువ నిచ్చునది యని భావము. దీనికి మూలము హోటలు కాదనియు, ఒక బాలింత మంచముచెంతకు అత్తగారు తెచ్చి యిచ్చిన గిన్నె యనియు చెప్పుదురు.

ఇటలీదేశమున ఈశాన్యభాగమున, వెనిస్ నగరమునకు ఉత్తరముగా ట్రెవీజో అను పట్టణము గలదు. అచ్చట కాంపెయోల్ కుటుంబమువారు ఒక భోజనశాలను నడపుచుండిరి. ఆ యింటి కోడలు ఆల్బా కుమారుని కని, పాలిచ్చు దినములలో మిగుల నీరసించి యుండగా, అత్తగారు కోడిగ్రుడ్ల పచ్చసొనలను పంచదారతో గిలకొట్టి, కాఫీ చేర్చి పెట్టెడిదట. ఆల్బా తిరిగి పనిలో ప్రవేశించిన పిమ్మటను ఆ రుచిని మఱవలేదు. తమయొద్ద మిఠాయిలు చేయు రొబెర్తో లింగ్వనొత్తో అనునాతనితో కలిసి దానిని పలుమాఱులు చేసి చూచి, మీగడయు బిస్కత్తులును చేర్చి, ఒక వంటకముగా తీర్చెను. 1972లో అది వారి భోజనశాల పట్టికలో చేరినది. లింగ్వనొత్తో కథ కొంచెము వేఱు: తాను ఐస్‌క్రీము చేయుచుండగా గ్రుడ్లును పంచదారయు నున్న గిన్నెలో మస్కార్పోనె మీగడ జాఱిపడినదనియు, రుచి చూడగా బాగున్నదనియు ఆయన చెప్పెడివాడు. పొరుగుననున్న ఫ్రియూలీ సీమవారు ఈ వంటకము తమదే యని వాదింతురు. 2017లో ఇటలీ వ్యవసాయశాఖ సంప్రదాయ ఆహారముల పట్టికలో దీనిని ఫ్రియూలీవారి పేర చేర్చగా ట్రెవీజోవారికి కోపము వచ్చినది. ఎవరి వాదము నెగ్గినను నాకు నష్టము లేదు. అత్తగారి కథయే నాకు నచ్చినది; ఏలయన ఆ గిన్నెలోని పదార్థము ఆమె కల్పించినది కాదు, ఆ సీమయందలి తల్లులందఱు ఎఱిగినదే.

ఆ ప్రాంతపు పల్లెలలో పచ్చసొనను పంచదారతో తెల్లబడువఱకు గిలకొట్టిన దానిని "స్బతుదీన్" అందురు. గిలకొట్టినది యని మాత్రమే అర్థము. బడికి పోవు పిల్లలకు, ముసలివారికి, జ్వరముపడి లేచినవారికి, క్రొత్తగా పెండ్లియైనవారికి, బాలింతలకు దానిని పెట్టెడివారు. మన యిండ్లలో బాలింతకు కాయము ఉండ చేసి పెట్టు పెద్దలకు ఈ మాట వేఱుగా వివరింప నక్కఱలేదు. పెరటిలోని కోడి పెట్టిన గ్రుడ్డు, డబ్బాలోని పంచదార, చేతి సత్తువ, ఇంతే సామగ్రి. దీనినే వేడినీటి సెగపై వండి, కొంచెము ద్రాక్షసారాయము చేర్చినచో అది "జబయోనె" యగును. ఇటలీదేశమంతట ప్రసిద్ధమైన తీపి అది. తిరమిసు దాని మనుమరాలని చెప్పవచ్చును.

ఇచ్చట నొక చిక్కు గలదు. ట్రెవీజోవారి తొలి పద్ధతిలో పచ్చసొనలు పచ్చివే; సెగ చూపరు. చూచుటకు శుభ్రముగా నున్న గ్రుడ్డులో సైతము సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి యుండవచ్చునని ఇప్పుడు మనకు తెలియును. అది వాంతులు, విరేచనములు, జ్వరము కలిగించును. బలిష్ఠులు నాలుగు దినములు బాధపడి లేతురు. గర్భవతులకు, పసిపిల్లలకు, వృద్ధులకు, రోగమునుండి తేఱుకొనుచున్నవారికి అది ప్రాణాపాయకరమైనను కావచ్చును. అనగా పూర్వము ఎవరి కొఱకు ఈ తీపిని గిలకొట్టిరో, నేడు పచ్చిగ్రుడ్డు పెట్టరానిది సరిగా వారికే. ఈ సంగతి తెలిసి కొందఱు ఈ వంటకమునే మానుదురు. ఇంకను కొందఱు, హోటలులో తిన్నపుడేమియు కాలేదు గదా యని, పచ్చిసొనలతోనే చేసి యింటిల్లిపాదికి పెట్టుదురు. ఈ రెండును నాకు సమ్మతములు కావు. జబయోనెను వండు పద్ధతి ఇటలీ స్త్రీలకు శతాబ్దులుగా తెలిసినదే. ఆ పద్ధతిని తిరమిసునకు పట్టించినచో పాతరుచియు నిలుచును, ఇంటివారి ఆరోగ్యమును నిలుచును.

గ్రుడ్డు ముట్టని యిండ్లవారు ఇంతలో పుట త్రిప్పివేయరాదని ప్రార్థన. వారి వంతు ముందు రానున్నది.

మొదట మీగడ సంగతి. మస్కార్పోనె యనునది మీగడతో చేయు మెత్తని తెల్లని పదార్థము. దీనిని ఇటలీవారి జున్నులలో చేర్చి చెప్పుదురు గాని మన ముఱ్ఱుపాల జున్నునకును దీనికిని పోలిక లేదు; వెన్నకును గడ్డపెరుగు మీగడకును నడుమనుండు నని యూహింపవలెను. లొంబార్దీ సీమలోని లోదీ ప్రాంతము దీనికి పుట్టినిల్లు. పట్టణములలో డబ్బాలలో దొరకును గాని వెల హెచ్చు. ఇంట చేసికొనుట మిక్కిలి సులభము. అర లీటరు తాజా మీగడను, అనగా పాలకేంద్రములవారు పొట్లములలో అమ్ము చిక్కని క్రీమును, మందపు గిన్నెలో పోసి సన్నని సెగపై త్రిప్పుచు వేడి చేయవలెను. పొంగరాదు, తెర్లరాదు, అంచున చిన్నచిన్న బుడగలు కనబడు తరుణమున, ఉష్ణమాపకము గలవారి లెక్కలో 85 డిగ్రీలయొద్ద, ఒక పెద్దచెంచాడు నిమ్మరసము పోసి, అదే వేడిమిలో అయిదు నిమిషములు మెల్లగా త్రిప్పవలెను. పాలు విఱిగినట్లు ముక్కలు కాదు. గరిటెకు అంటునంత చిక్కబడును. అంతట దించి, చల్లార్చి, జల్లెడలో మడతపెట్టిన పలుచని గుడ్డపై పోసి, క్రింద గిన్నె నుంచి, ఫ్రిజ్జులో ఒక రాత్రి యుంచవలెను. మఱునాటికి నీరు దిగి ముద్ద మిగులును. మన యిండ్లలో నాలుగుదినముల పాలమీది మీగడ కూడబెట్టుట గలదు. అది నెయ్యికి మంచిదే గాని దీనికి పనికిరాదు. పులుపు వాసన దిగదు.

ఇక తిరమిసు కొలతలు. 2010లో ఇటలీ వంటల పరిషత్తువారు ట్రెవీజోలో పత్రముపై నమోదు చేయించిన కొలతలు పెద్దవి: పచ్చసొనలు 12, పంచదార అర కిలో, మస్కార్పోనె ఒక కిలో, బిస్కత్తులు 60. దానిలో మద్యము లేదు, తెల్లసొన లేదు. మద్యము లేనిదే తిరమిసు కాదని వాదించువారికి ఈ పత్రము చక్కని సమాధానము. మన యింటికి అందులో నాల్గవవంతు చాలును: పచ్చసొనలు 3, పంచదార 125 గ్రాములు, మస్కార్పోనె 250 గ్రాములు, బిస్కత్తులు 15. నేను పంచదార 100 గ్రాములే వేయుదును. ఆఱుగురికి సరిపోవును.

వెడల్పైన గిన్నెలో రెండంగుళముల నీరు పోసి మరగనిచ్చి, సెగ తగ్గింపవలెను. దానిపై నమరు నట్టి మఱియొక గిన్నెలో పచ్చసొనలు వేసి, పంచదార పోసిన తక్షణమే గిలకొట్టవలెను. పంచదారను సొనలపై పోసి ఫోను వచ్చినదని ఆవలికి పోయితిమా, సొన గడ్డకట్టి పలుకులు మిగులును. అవి యెంత గిలకొట్టినను కరగవు. దానిలో రెండు పెద్దచెంచాల కాఫీ డికాక్షను చేర్చి, గిన్నెను క్రిందినీటిపై నుంచవలెను. పైగిన్నె అడుగు నీటిని తాకరాదు. ఆవిరి మాత్రమే తగులవలెను. ఇట్లు వండుటను ఇటలీవారు "బాన్యొమరీయ" అందురు, మరియ స్నానమని యర్థము. పూర్వము అలెగ్జాండ్రియా నగరమున రసవాదమునందు ఆఱితేఱిన మరియ యను యూదుస్త్రీ ఈ పద్ధతిని కనిపెట్టెననియు, ఆమె పేరే దీనికి నిలిచెననియు చెప్పుదురు.

తీగల కవ్వముతో చేయి ఆపక గిలకొట్టుచుండవలెను. మొదట నురుగు పెద్దబుడగలుగా లేచును. పిమ్మట బుడగలు సన్ననై, రంగు పసుపునుండి లేతవెన్న రంగునకు తిరిగి, పదార్థము రెండు మూడింతలుగా పొంగును. కవ్వము నెత్తినపుడు జాఱినధార గిన్నెలో పడి వెంటనే కలిసిపోక, పట్టెవలె కొంతసేపు నిలిచినచో పాకము కుదిరినట్లు. ఆఱు మొదలు పది నిమిషములు పట్టును. కాని పిల్లలకును వృద్ధులకును పెట్టదలచినపుడు కంటిచూపును మాత్రమే నమ్మరాదు. వంటకు వాడు చిన్న ఉష్ణమాపకము నేడు సులభముగా దొరకుచున్నది. దానిని ముంచినపుడు 71 డిగ్రీలు దాటవలెను. నేను 75 వఱకు పోనిత్తును. ఎనుబది దాటినచో సొన ఉడికి పలుకులగును. మొదటిసారి నా గిన్నెలో తయారైనది తియ్యని గ్రుడ్డుపొరటు. అది గిన్నె అడుగు నీటికి తగిలినందువలన వచ్చిన చేటు. పాకము కాగానే గిన్నెను చల్లనినీటిలో నిలిపి, పూర్తిగా చల్లారువఱకు గిలకొట్టవలెను.

దీనినే ఈ దశలో చిన్నగిన్నెలలో పోసి యిచ్చినచో అది జబయోనె. డికాక్షనుకు బదులు నారింజరసము చేర్చి పిల్లలకు పెట్టవచ్చును. ప్రక్కన ఒక బిస్కత్తున్న చాలును.

తిరమిసు చేయదలచినచో, ఫ్రిజ్జునుండి ముందుగా తీసియుంచిన మస్కార్పోనెను చెంచాతో మెదిపి మెత్తన చేసి, చల్లారిన సొనలలో మూడువిడతలుగా కలుపవలెను. ఇచ్చట విద్యుత్తుతో తిరుగు కవ్వమును ముట్టరాదు. తొందరపడి యొకమాఱు నేనది వాడగా, క్షణములో మీగడ విఱిగి, వెన్న ఒకవైపును మజ్జిగ ఒకవైపును తేలినవి. పెరుగు చిలుకుట నెఱిగినవారికి కారణము చెప్పనక్కఱలేదు. గరిటెతో క్రిందినుండి మీదికి మడచుచు కలుపుటే పని.

కాఫీ విషయమున దాక్షిణాత్యులమైన మనకు ఒక సౌకర్యము గలదు. మన యిత్తడి ఫిల్టరులో దిగిన మొదటి డికాక్షను దీనికి చక్కగా కుదురును. చికోరి కలియని కాఫీపొడి మేలు. చికోరి యున్నచో మీగడతో చేరినపుడు కాఱుచేదు తేలును. ఒక పెద్దగ్లాసెడు చిక్కని డికాక్షను, పంచదార వేయక, బాగుగా చల్లార్చి, పళ్ళెములో పోయవలెను. వేడిగా నున్నచో బిస్కత్తు ముద్దయగును. బిస్కత్తును ఒకవైపు ముంచి, త్రిప్పి రెండవవైపు ముంచి, వెంటనే తీయవలెను. ఒకటి, రెండు అని లెక్కించునంత కాలము చాలును. నడుమ కొంచెము పొడిగా నున్నను భయములేదు, రాత్రికి తడి తానే పాకును. పళ్ళెములో బిస్కత్తుల వరుస, దానిపై మీగడ, మరల బిస్కత్తులు, మరల మీగడ. మూతపెట్టి ఫ్రిజ్జులో ఆఱుగంటలైన నుంచి, వడ్డించుటకు ముందు మాత్రమే కోకోపొడిని జల్లింపవలెను. ముందే చల్లినచో తడిసి నల్లబడును. రెండుదినములకు మించి నిలువ యుంచరాదు. వేసవిలో వడ్డించిన పిమ్మట బల్లపై విడువక వెంటనే లోపల పెట్టవలెను. పసిపిల్లలకు కాఫీ మంచిది కాదు గనుక వారి పళ్ళెమునకు కోకో కలిపిన పాలలో బిస్కత్తులను ముంచుదురు.

ఆ బిస్కత్తులను ఇటలీవారు "సవొయార్దీ" యందురు. కొననివారు ఓవెను గలిగినచో చేసికొనవచ్చును: మూడు గ్రుడ్ల తెల్లసొనలను సగము పంచదారతో గట్టినురుగుగా గిలకొట్టి, పచ్చసొనలను మిగిలిన పంచదారతో వేఱుగా గిలకొట్టి, రెంటిని కలిపి, మైదాను జల్లించి మెల్లగా మడచవలెను. పంచదార 90 గ్రాములు, మైదా 90 గ్రాములు. వ్రేలంత పొడవున కాగితముపై తీర్చి, పైని పంచదార చల్లి, 180 డిగ్రీల వేడిమిలో పండ్రెండు నిమిషములు కాల్చిన సరి.

తిరమిసునకు మూడు పచ్చసొనలు పోగా తెల్లసొనలు మూడు మిగులును గదా. ఇటలీ గృహిణులు వానిని పాఱబోయరు. "బ్రుత్తి మ బువొని" యను నొక మిఠాయి యున్నది. వికారములైనను మంచివి యని యర్థము. మూడు తెల్లసొనలను 150 గ్రాముల పంచదారతో నురుగు చేసి, వేచి బరకగా దంచిన హేజెల్ గింజలు గాని బాదములు గాని 200 గ్రాములు కలిపి, ఆ మిశ్రమమును సన్ననిసెగపై గిన్నె అంచులను విడుచువఱకు త్రిప్పి, చెంచాతో ముద్దలుగా పెట్టి, 150 డిగ్రీలయొద్ద అరగంట కాల్చుదురు. అవి పేరునకు తగినట్లే యుండును. డబ్బాలో వారముదినములు నిలుచును.

ఇక గ్రుడ్డు ముట్టని యిండ్లమాట. గ్రుడ్డులేని తిరమిసు అని పలువురు పలువిధములుగా చేయుచున్నారు. తప్పని నేననను, కాని సొనలు తీసివేసిన పిమ్మట ఆ పేరునకు మిగులునది కాఫీబిస్కత్తు మాత్రమే. అంతకంటె, పుట్టుకచేతనే గ్రుడ్డు నెఱుగని ఇటలీ తీపిని చేయుట మేలని నా తలంపు. అట్టిది సిసిలీ ద్వీపపు "బ్యాంకొమంజారె". తెల్లని భోజనమని దాని యర్థము. మధ్యయుగమున ఈ పేరుగల వంటకమును రాజగృహములలో కోడిమాంసముతోను, బియ్యపుపిండితోను, బాదంపాలతోను చేసి, సులభముగా జీర్ణమగునని రోగులకు సైతము పెట్టెడివారు. కాలక్రమమున మాంసము పోయినది. సిసిలీలో నేడు మిగిలినవి బాదంపాలు, పంచదార, గంజిపిండి, నిమ్మతొక్క, దాల్చినచెక్క. మన యింటి వంటగదిలో లేని దేదియు ఇందులేదు.

బాదంపప్పు 150 గ్రాములు రాత్రి నానవేసి, పొట్టు తీసి, కొంచెము కొంచెముగా నీరుపోసి మెత్తగా రుబ్బి, గుడ్డలో వేసి గట్టిగా పిండి, మొత్తము అర లీటరు పాలు తీయవలెను. అందు కొన్ని చల్లనిపాలలో 50 గ్రాముల కార్న్‌ఫ్లోరును ఉండలు లేకుండ కలుపవలెను. కార్న్‌ఫ్లోరనగా అంగళ్ళలో నమ్ము తెల్లని గంజిపిండియే గాని పచ్చని మొక్కజొన్నపిండి కాదు. మిగిలినపాలలో 75 గ్రాముల పంచదార, ఒక నిమ్మకాయ పైతొక్క, చిన్న దాల్చినచెక్కముక్క వేసి వేడిచేసి, పిండి కలిపినపాలను పోసి, చేయి ఆపక త్రిప్పవలెను. నిమ్మతొక్కలో పసుపుపచ్చని పొరయే గాని తెల్లనిభాగము రాకూడదు, చేదగును. ఉడుకు మొదలై చిక్కబడిన పిమ్మట రెండు నిమిషములు త్రిప్పి, తొక్కయు చెక్కయు తీసివేసి, నీటితో తడిపిన గిన్నెలలో పోసి చల్లార్చి, నాలుగుగంటలు ఫ్రిజ్జులో నుంచి, పళ్ళెముపై బోర్లింపవలెను. పైని దాల్చినపొడియు పిస్తాపలుకులును చల్లుదురు. ఏలకులు వేయవచ్చునా యని అడుగుదురేమో. వేయవచ్చును, కాని అప్పుడది మన పాయసమునకు చెల్లెలగును. ఒకమాఱు నిమ్మతొక్కతోనే చేసి చూడుడు.

సిసిలీలో బాదంమిఠాయిలకు కన్యామఠములు పేరుపడినవి. పలెర్మో నగరమందలి మర్తొరాన మఠముపేర, బాదంముద్దతో నారింజలవలెను అంజూరములవలెను తీర్చు బొమ్మపండ్లు నేటికిని అమ్మబడుచున్నవి. ఈ మఠముల కథలో తీపి కంటె కష్టమే హెచ్చు. ఎరిచె అను కొండయూరిలో మరియ గ్రమ్మాతికో అను బాలిక యుండెను. తండ్రి హఠాత్తుగా మరణించెను. తల్లి గర్భవతి, ఇంటినిండ పిల్లలు. పోషింపలేక తల్లి, 1950ల తొలినాళ్ళలో, పదునొకండేండ్ల మరియను ఆమె చెల్లెలిని ఊరిలోని సాన్ కార్లో మఠమున విడిచెను. అచ్చట పిల్లలు తెల్లవాఱక మునుపే లేచి, బాదములు పగులగొట్టి, పొట్టుతీసి, పిండి పిసికి, పొయ్యి రాజవేయవలెను. సన్యాసినులు చేసిన మిఠాయిలను ఊరివారు కొనిపోవుదురు. కొలతలు మాత్రము సన్యాసినులు ఎవరికిని చెప్పెడివారు కారు. మరియ పని చేయుచు, చూచుచు, మనసున నిలుపుకొనుచు ఏండ్లు గడపి, యౌవనమున బయటికి వచ్చి, 1960లలో ఎరిచెలోనే మిఠాయి యంగడి పెట్టెను. ఆ యంగడి లోకప్రసిద్ధమైనది. ఆమె చెప్పిన జీవితకథయు మిఠాయి పద్ధతులును చేర్చి, సిసిలీలో స్థిరపడిన మేరీ టేలర్ సిమేతి అను రచయిత్రి 1994లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించెను. దాని పేరు "చేదుబాదములు" అని యర్థమిచ్చును.

కొలతలు దాచుకొన్నవారి మాట వచ్చినది గనుక, పంచిపెట్టినవారి మాటయు చెప్పవలెను. ఫోర్లింపోపొలి యను చిన్నపట్టణమున 1820లో జన్మించి, ఫ్లారెన్స్ నగరమున వర్తకము చేసి విశ్రమించిన పెల్లెగ్రీనో అర్తూసి యను బ్రహ్మచారి, వంటను శాస్త్రముగాను, భోజనమును కళగాను వర్ణించు నొక గ్రంథము వ్రాసెను. ప్రకాశకు లెవ్వరును ముందుకు రాకపోగా 1891లో సొంతధనముతో వేయి ప్రతులు అచ్చొత్తించెను. ఆయన పుట్టినయూరిలో ధర్మార్థమైన లాటరీకి రెండుప్రతులు బహుమతిగా నీయగా, గెలిచినవారు పరిహసించి వానిని పొగాకు అంగడిలో అమ్ముకొనిరి! పిమ్మట ఆ గ్రంథము ఇటలీ యింటింట ప్రవేశించినది. మొదట 475గా నున్న వంటకములు చివరకు 790 అయినవి. ఆ పెరుగుదల ఆయన యొక్కని ప్రజ్ఞ కాదు. దేశము నలుమూలలనుండి గృహిణులు ఉత్తరములు వ్రాసి, తప్పులు దిద్ది, తమ యింటి పద్ధతులను పంపుచుండిరి. వానిని పొయ్యిపై పరీక్షించినవారు ఆయన యింటి వంటవారు ఫ్రాంచెస్కో రుఫ్ఫిల్లి, మరియెత్త సబతీని.

ఆ మరియెత్త చేసిన ఎండుద్రాక్షల కేకును అర్తూసి తన గ్రంథమున ఆమె పేరనే ప్రకటించి, దీనిని తాను ఆమెవద్దనే నేర్చితిననియు, అంగళ్ళలో నమ్ము మిలాను పనెత్తోనె కంటె ఇది మేలనియు వ్రాసెను. మైదా 300 గ్రాములు, వెన్న 100, పంచదార 80, ఎండుద్రాక్ష 80, ఒక పూర్తిగ్రుడ్డు, రెండు పచ్చసొనలు, చిటికెడు ఉప్పు, పంచదారపాకమున నిలువచేసిన పండ్లముక్కలు కొంచెము, నిమ్మతొక్క తురుము, సుమారు 200 మిల్లీలీటర్ల పాలు. పొంగుటకు ఆమె వాడిన సోడాకును పులుపుపొడికిని బదులు నేడు మూడు చిన్నచెంచాల బేకింగుపౌడరు వేయవచ్చును. కరగని మెత్తనివెన్నను గ్రుడ్లతోను పంచదారతోను బాగుగా గిలకొట్టి, మైదాను పాలను మార్చిమార్చి చేర్చి, వెన్న రాచిన ఎత్తైన గిన్నెలో సగమునకు మించకుండ పోసి కాల్చవలెను. పుల్ల గ్రుచ్చి చూచినచో పొడిగా రావలెను. మిలాను పనెత్తోనెకు పులిసిన పిండిని దినములకొలది పెంచవలెను; దీనికి ఒక మధ్యాహ్నము చాలును. అర్తూసి 1911లో మరణించునపుడు ఆ గ్రంథముపై వచ్చు ఆదాయపు హక్కును మరియెత్తకును ఫ్రాంచెస్కోకును వ్రాసియిచ్చెను. ఫోర్లింపోపొలిలో 2007లో ఆయనపేర వంటకళా కేంద్రమొకటి తెఱచిరి. అచ్చట క్రొత్తవారికి పిండి పిసుకుట నేర్పు స్త్రీలు తమను "మరియెత్తలు" అని పిలుచుకొనుచున్నారు.

పీయెమోంతె సీమపు పన్నకొత్తనుగూర్చి నాలుగు మాటలు. కాచినమీగడ యని దాని యర్థము. దానిని గడ్డకట్టించుటకు జెలటిన్ వాడుదురు. అది పశువుల తోలునుండియు ఎముకలనుండియు తీయబడునది గనుక శాకాహారులు అంగడిలో కొనునపుడు అడిగి తెలిసికొనుట మంచిది. ఇంట చేయునపుడు సముద్రపునాచునుండి తీయు చైనాగ్రాసు పొడి వాడవచ్చును. పావులీటరు మీగడ, 150 మిల్లీలీటర్ల పాలు, 50 గ్రాముల పంచదార, అర చిన్నచెంచాడు పొడి. చల్లగా నున్నపుడే కలిపి, తెర్లిన పిమ్మట రెండు నిమిషములు మరగించి, గిన్నెలలో పోసిన చాలును. మరగనిచో గడ్డకట్టదు. పొడి ఎక్కువైనచో రబ్బరగును. నోట పెట్టగానే విడిపోవలెను.

మండువేసవిలో ఇవి యేవియు చేయ నోపిక లేనినాడు గ్రానీతా యొకటి గలదు. పూర్వము ఎత్నా అగ్నిపర్వతముపై కురిసిన మంచును గోతులలో త్రొక్కి, ఆకులు కప్పి, ఎండాకాలమున ఊళ్ళకు దించి పండ్లరసములతో కలిపెడివారు. ఇప్పుడు ఫ్రీజరు ఆ పని చేయును. అర లీటరు డికాక్షనును వేడిగా నున్నపుడే 100 గ్రాముల పంచదారతో కలిపి, చల్లార్చి, వెడల్పైన పళ్ళెములో పోసి ఫ్రీజరులో నుంచి, గంట గడచిన పిమ్మట అరగంట కొకమాఱు ముళ్ళచెంచాతో గీఱుచుండవలెను. మూడుగంటలలో నల్లని పలుకుల మంచు సిద్ధమగును. నిమ్మరసముతోను బాదంపాలతోను ఇట్లే చేయుదురు. సిసిలీలో దీనిని భోజనానంతరము కాదు, వేసవి ఉదయముల ఫలాహారముగా మెత్తని రొట్టెతో తిందురు. ఆ రొట్టె నెత్తిపై గుండ్రని చిన్నముద్ద యుండును. దానిని వారు "తుప్పొ" అందురు. మన చెవికి ఇనుపతుప్పు తోచును గాని వారి భాషలో ఆడవారి కొప్పునకు ఆ పేరు. పిల్లలు మొదట ఆ కొప్పునే త్రుంచి, మంచులో ముంచి తిందురు.